రిపోర్టులో ప్రోటీన్, కంచంలో ప్రోటీన్

కాలేయ పరీక్ష రిపోర్టులో బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ వరుసలు దాటాక అడుగున నాలుగు పంక్తులుంటాయి. టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్, ఏ/జీ రేషియో. కామెర్లకో జ్వరానికో రక్తమిచ్చినవాళ్లు వాటి జోలికి పోరు. ఇంట్లో క్యాన్సర్ మనిషి ఉంటే సంగతి వేరు. ఆల్బుమిన్ ఎదురుగా ఉన్న అంకె ఇంటిల్లిపాదికీ నోటికి వచ్చేస్తుంది. ‘పోయిన నెల మూడు ఉండె, ఇప్పుడు రెండున్నరకు దిగింది’ అని ఒకరు, ‘ప్రోటీన్ తక్కువుందని కీమో వాయిదా వేసిన్రు’ అని మరొకరు. ఆ వెంటే అసలు ప్రశ్న: తిండి సరిగా పెట్టకపోవడం వల్లే ఇలా అయిందా?

హుజూర్‌నగర్ నుంచి క్యాన్సర్ వైద్యానికి బయల్దేరినవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ దారే పడతారు. కోదాడ, సూర్యాపేట మీదుగా కొందరు, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా కొందరు. అక్కడ రెడ్‌హిల్స్‌లో 1955లో రేడియం ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, మెహదీ నవాజ్ జంగ్ పేరును మూడక్షరాల్లో మోస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2000 జూన్‌లో తెరుచుకున్న బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో తెలంగాణ 10 లక్షల రూపాయలకు పెంచింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ కార్డు మీద జరుగుతాయి. రెండు కీమోల మధ్య ఇంటికొచ్చిన మనిషికి ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఆ అంకెను చూసి భయపడాలా వద్దా అన్న విషయాలు మాత్రం చుట్టాలు, ఆర్‌ఎంపీ, మందుల షాపు, యూట్యూబ్ చెప్పిందే వేదం.

ఈ గందరగోళానికి జనాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆల్బుమిన్ తగ్గడమంటే పోషణ తగ్గడమేనని వైద్యశాస్త్రమే దాదాపు నలభై ఏళ్లు నమ్మింది. తర్వాత అది నిజం కాదని తేల్చుకుంది. ఆ మార్పు పెద్దాసుపత్రుల వార్డుల్లోకే ఇంకా పూర్తిగా దిగలేదు, ఊళ్లదాకా రావడం సంగతి తర్వాత.

ఆల్బుమిన్ కాలేయంలో తయారవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి కాలేయం రోజుకు 10 నుంచి 15 గ్రాములు తయారుచేస్తుంది. ఒంట్లో మొత్తం నిల్వ 250 నుంచి 300 గ్రాములు. అందులో సగానికి పైగా రక్తనాళాల బయట, కణజాలాల మధ్య తిరుగుతుంటుంది. రక్తంలో ఉండాల్సింది డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు. రక్తంలోని నీరు నాళాలు దాటి బయటికి పోకుండా పట్టి ఉంచడంలో పెద్ద వాటా దీనిదే. అందుకే ఇది బాగా తగ్గితే పాదాలు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. కాల్షియం, కొవ్వు ఆమ్లాలు, అనేక మందులు దీని మీద ఎక్కే ఒళ్లంతా ప్రయాణిస్తాయి. ఇవాళ తయారైన ఆల్బుమిన్‌లో సగం తరిగిపోవడానికి సుమారు ఇరవై రోజులు పడుతుంది. ఈ ఇరవై రోజుల సంగతి గుర్తుంచుకోవాలి. నిన్న రాత్రి తిన్న గుడ్డు ఇవాళ పొద్దున రిపోర్టులో కనబడదు. నాలుగు రోజులు అన్నం ముట్టకపోయినా అంకె కూలిపోదు. నాలుగే రోజుల్లో 3.6 నుంచి 2.7కు పడిపోయిందంటే కారణం కంచంలో లేదు, వేరేచోట వెతకాలి.

అయినా దీన్ని పోషణకు కొలబద్దగా ఎందుకు ఎంచుకున్నారంటే, దాని వెనక మంచి ఉద్దేశమే ఉంది. 1974లో అమెరికాలోని అలబామా వైద్యుడు చార్లెస్ బటర్‌వర్త్ ఆసుపత్రుల్లోనే రోగులు పస్తులతో చిక్కిపోతున్నారని, అది ఎవరికీ పట్టడం లేదని గట్టిగా రాశాడు. అదే కాలంలో బోస్టన్‌లో బ్రూస్ బిస్ట్రియన్, జార్జ్ బ్లాక్‌బర్న్ ఆపరేషన్ రోగుల పోషణను అంకెల్లో కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. బరువు, జబ్బ చుట్టుకొలత, చర్మపు మడత మందం, వాటితోపాటు ఆల్బుమిన్. ఈ నాలుగింటిలో ఆల్బుమిన్‌కు చిన్న రక్తపు చుక్క చాలు, యంత్రం అంకె ఇస్తుంది, ఎవరి అంచనాతోనూ పని లేదు. టేపు పట్టుకుని మంచం మంచం తిరగాల్సిన కొలతలు క్రమంగా వెనకబడ్డాయి. ఆల్బుమిన్ పాఠ్యపుస్తకాల్లో కుదురుకుంది.

ఆ అంకె రోగి భవిష్యత్తును చెప్పడంలో నిజంగానే దిట్ట. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 44 కలిసి, పెద్ద ఆపరేషన్లు జరిగిన 54,215 మంది లెక్కలు 1999లో ప్రచురించాయి. ఆపరేషన్‌కు ముందు ఆల్బుమిన్ 4.6 దాటినవారిలో నెలలోపు మరణాలు ఒక శాతం లోపే, 2.1 కంటే కింద ఉన్నవారిలో 29 శాతం. క్యాన్సర్ సంగతికొస్తే 2010లో దిగంత్ గుప్తా, క్రిస్టఫర్ లిస్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి చూశారు. జీర్ణకోశ క్యాన్సర్ల మీద వచ్చిన 29లో 26, ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద వచ్చిన 10లో 9 ఒకటే మాట చెప్పాయి: వైద్యం మొదలుకాకముందు ఆల్బుమిన్ బాగున్నవాళ్లు ఎక్కువకాలం బతికారు. జపాన్‌లో ఒనొడెరా 1984లో ఆల్బుమిన్‌నూ లింఫోసైట్ల సంఖ్యనూ కలిపి ఒక సూచీ తయారుచేస్తే దానికి ‘పోషణ సూచీ’ అనే పేరు పెట్టారు. ఇవాళ్టికీ జీర్ణకోశ క్యాన్సర్ల సర్జన్లు దాన్ని వాడుతూనే ఉన్నారు.

ఇంతమందిలో ఇంత బలంగా పనిచేసిన అంకె పోషణను కాక మరి దేన్ని కొలుస్తోంది?

దీనికి మొదటి ఆధారాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే దొరికింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పట్లో సి. గోపాలన్ డైరెక్టర్. పేద పిల్లల్లో రెండు రకాల పోషణ జబ్బులు కనిపించేవి. ఒకటి మరాస్మస్: బిడ్డ ఎముకలగూడై పోతాడు, కానీ వాపు ఉండదు, ఆల్బుమిన్ చాలావరకు నిలబడే ఉంటుంది. రెండోది క్వాషియార్కర్: ఒళ్లు ఉబ్బుతుంది, జుట్టు రంగు మారుతుంది, ఆల్బుమిన్ బాగా పడిపోతుంది. రెండోది ప్రోటీన్ లోపం, మొదటిది మొత్తంగా తిండి లోపం అని ప్రపంచమంతా పాఠం చెప్పుకుంటున్న రోజులవి. ఈ రెండు జబ్బుల పిల్లలు ఇళ్లలో ఏం తిన్నారో గోపాలన్ బృందం లెక్క తీస్తే తేడా కనబడలేదు. ఒకే తిండి, ఒకే లేమి. ఒక బిడ్డ ఎండిపోయాడు, మరో బిడ్డ ఉబ్బాడు. తేడా తిండిలో లేదు, లేమికి ఒళ్లు స్పందించిన తీరులో ఉందని 1968లో ఆయన వాదించాడు. ఆ వాదనలోని వివరాల మీద తర్వాత చర్చలు చాలా నడిచాయి. కానీ రక్తంలో ప్రోటీన్ తగ్గడానికీ తిండిలో ప్రోటీన్ తగ్గడానికీ సూటి లంకె లేదన్న అనుమానం మన నేల మీదే, ఎంతో ముందుగానే పుట్టింది. క్యాన్సర్ వార్డుల దాకా అది చేరడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టడం ఆశ్చర్యమే.

పెద్దవాళ్లలో రుజువు మరో దారిన వచ్చింది. అనొరెక్సియా నెర్వోసా అనే మానసిక రుగ్మతలో మనిషి తిండి మానేసి కట్టెపుల్లలా తయారవుతాడు. ఒంట్లో వేరే జబ్బేమీ ఉండదు. అలాంటి వారి రిపోర్టులు పోగుచేసి 2015లో ప్రచురించిన సమీక్షలో, బాడీ మాస్ ఇండెక్స్ 12 కంటే కిందికి పోయేదాకా ఆల్బుమిన్ పడిపోలేదని తేలింది. వట్టి ఆకలి ఆల్బుమిన్‌ను కదిలించలేకపోయింది. అదే ఆల్బుమిన్, న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరిన పుష్టిగల మనిషిలో రోజుల్లోనే జారిపోతుంది.

కారణం వాపు ప్రక్రియ, అంటే ఇన్‌ఫ్లమేషన్; నీరు చేరి ఒళ్లు ఉబ్బే వాపు కాదు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ గానీ గాయం గానీ గడ్డ గానీ ఉంటే ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయన సంకేతాలు కాలేయానికి చేరతాయి. కాలేయం సీఆర్‌పీ, ఫైబ్రినోజెన్ లాంటి అత్యవసర ప్రోటీన్ల తయారీకి దిగి ఆల్బుమిన్ తయారీ తగ్గిస్తుంది. సాగర్ ఎడమ కాల్వ కింద వరి వేసిన రైతుకు వారబందీ తెలుసు. తన తూము ఎండిందంటే కాల్వలో నీళ్లు లేవని కాదు, వంతు మరోవైపు మళ్లిందని. దీనితోపాటు రక్తనాళాల గోడలు వదులై ఉన్న ఆల్బుమిన్ కూడా బయటికి జారుతుంది. కొన్ని రకాల క్యాన్సర్ కణాలు ఆల్బుమిన్‌ను మింగి తమకు తిండిగా వాడుకుంటాయని కూడా గత దశాబ్దపు ప్రయోగాలు చూపించాయి. అంటే తక్కువ ఆల్బుమిన్ ముందుగా చెప్పే మాట ‘ఈ మనిషి తినడం లేదు’ అని కాదు, ‘ఈ మనిషి ఒంట్లో జబ్బు చురుగ్గా ఉంది’ అని. ఆయుష్షును అది అంత కచ్చితంగా ఎందుకు చెప్పగలుగుతోందో ఇప్పుడు అర్థమవుతుంది.

గ్లాస్గోలో డొనాల్డ్ మెక్‌మిలన్ బృందం 2003లో ఈ సంగతిని సూటిగా వాడుకుంది. సీఆర్‌పీ లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఒక పాయింటు, ఆల్బుమిన్ 3.5 కంటే తగ్గితే ఇంకో పాయింటు. సున్నా, ఒకటి, రెండు, అంతే. రెండు వచ్చినవారి పరిస్థితి గడ్డు. పోషణ అన్న మాట ఈ కొలతకు పేరులో కూడా లేదు. చివరకు ఆల్బుమిన్‌ను, దాని చిన్న చెల్లెలిలాంటి ప్రీఆల్బుమిన్‌ను పోషణకు కొలతగా వాడవద్దని అమెరికా పోషణ వైద్యుల సంఘం ఆస్పెన్ 2021లో ప్రచురించిన పత్రంలో స్పష్టంగా రాసింది. అవి వాపును సూచిస్తాయి, వాపు ఉన్న మనిషికి పోషణ ముప్పు ఎక్కువ, అంతవరకే.

‘అంతవరకే’ అన్నది చిన్న మాట కాదు. ఇక్కడ రెండో పొరపాటుకు దారి ఉంది. ఆల్బుమిన్ పోషణ కొలత కాదట కాబట్టి తిండి గురించి బెంగ పడనక్కర్లేదు అనుకోవడం మొదటిదానికంటే ప్రమాదం. క్యాన్సర్ వాపు ఆకలిని చంపుతుంది, కండను కరిగిస్తుంది, తిన్నది ఒంటికి పట్టనివ్వదు. ఆల్బుమిన్ తగ్గిన రోగి పోషణలో కూడా వెనకబడి ఉండే అవకాశం ఎక్కువే. ఎంత వెనకబడ్డాడో మాత్రం ఆ అంకె చెప్పదు. అది తెలియాలంటే మనిషిని చూడాలి.

ఆ చూడటానికి కూడా ఒక పద్ధతి ఉంది. టొరంటోలో ఆలన్ డెట్‌స్కీ బృందం 1987లో రాసిపెట్టిన అంచనా పద్ధతికి యంత్రంతో పని లేదు. ఆరు నెలల్లో ఎంత తగ్గారు, రెండు వారాల్లో ఎంత తగ్గారు అని అడుగుతారు. తిండి మామూలుగా ఉందా, సగమైందా, జావ మీదికి దిగిందా అని అడుగుతారు. వాంతి, విరేచనం, నోటిపూత ఉన్నాయా. ఇంట్లో తిరుగుతున్నారా, మంచానికే పరిమితమయ్యారా. ఆ తర్వాత చేతులతో చూస్తారు. కణతల దగ్గర గుంట, భుజం ఎముక మొనదేలిందా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పలచబడిందా, పిక్కలు మెత్తబడ్డాయా. చివరగా మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి పట్టి వదులుతారు. గుంట పడి నిలిచిందంటే నీరు చేరినట్టు. ఈ ఒక్క గుంట లెక్కంతా మార్చేస్తుంది. కాళ్లలో, పొట్టలో నాలుగు లీటర్ల నీరుంటే తూకం మీద నాలుగు కిలోలు దాక్కుంటాయి. ఇంట్లోవాళ్లు బరువు తగ్గలేదని సంబరపడుతుంటారు, కింద కండ కరిగిపోతూ ఉంటుంది.

ప్రపంచ పోషణ సంఘాలన్నీ కలిసి 2018లో ఒప్పుకుని మరుసటి ఏడాది ప్రచురించిన గ్లిమ్ కొలమానం ఇదే దారిలో ఉంది. ఆరు నెలల్లో బరువు 5 శాతం మించి తగ్గడం, బాడీ మాస్ ఇండెక్స్ తక్కువగా ఉండడం (ఆసియావాళ్లకు 70 ఏళ్లలోపు 18.5), కండ తగ్గడం; వీటిలో ఒకటి ఉండాలి. దానికి తోడు తిండి తగ్గడం గానీ, వాపు కలిగించే జబ్బు గానీ ఉండాలి. 60 కిలోల మనిషి ఆరు నెలల్లో మూడు కిలోలకు మించి తగ్గి, క్యాన్సర్ కూడా ఉంటే చాలు, పోషణ లోపం కిందికే వస్తాడు. ఆల్బుమిన్ నాలుగున్నా సరే. ఈ ఐదు శాతం వెనక పాత లెక్కలున్నాయి. 1980లో విలియం డివైస్ బృందం 3,047 మంది క్యాన్సర్ రోగులను పరిశీలించి, కీమోకు ముందే బరువు తగ్గినవారు త్వరగా పోతున్నారని చూపించింది. ఇక లావుగా ఉన్నవారి విషయం: ఒళ్లు నిండుగా కనిపిస్తూనే లోపల కండ తరిగిపోయినవాళ్లు ఉంటారని కెనడాలో కార్లా ప్రాడో 2008లో సీటీ స్కాన్లతో నిరూపించింది. నడుము దగ్గర మూడో వెన్నుపూస వద్ద తీసిన ఒక్క అడ్డకోత బొమ్మ చాలు కండ లెక్కకు. క్యాన్సర్ దశ తెలుసుకోవడానికి మన ఆసుపత్రులు ఎలాగూ ఆ స్కాన్ తీస్తాయి. కండ కోసం దాన్ని చూసేవాళ్లే తక్కువ.

ఆల్బుమిన్ అంకెను చదవడంలో కూడా కొన్ని మెలికలున్నాయి. చాలా ల్యాబులు బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగుతో కొలుస్తాయి. ఆ రంగు కొంత గ్లోబ్యులిన్లకూ అంటుకుంటుంది కాబట్టి, వాపు ఎక్కువగా ఉన్న రోగిలో అసలుకంటే కాస్త పెద్ద అంకె చూపిస్తుంది. పర్పుల్ రంగు వాడే ల్యాబులో అదే రక్తం చిన్న అంకె ఇస్తుంది. ఒక నెల హుజూర్‌నగర్‌లో, మరో నెల హైదరాబాద్‌లో చేయించి 3.1 కాస్తా 2.8 అయిందని కంగారు పడేముందు రెండు ల్యాబుల పద్ధతీ ఒకటేనా అని అడగాలి. పడుకున్నప్పుడు తీసిన రక్తంలో నిల్చున్నప్పటికంటే తక్కువ వస్తుంది. సెలైన్ ఎక్కించాక తీస్తే పలచబడి ఇంకా తక్కువ వస్తుంది. టోటల్ ప్రోటీన్ మరీ మోసం. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌లో చెడ్డ గ్లోబ్యులిన్ విపరీతంగా పెరిగి టోటల్ ప్రోటీన్ 9, 10 దాకా పోతుంది. ఆల్బుమిన్ మాత్రం కిందే ఉంటుంది. టోటల్ ప్రోటీన్ ఎక్కువుంది, బలంగా ఉన్నారు అని చెప్పేవాళ్లను నమ్మకూడదు.

ఆల్బుమిన్ తగ్గితే వైద్యులు కీమో మోతాదు గురించి ఆలోచించడానికి వేరే కారణాలున్నాయి. మెథోట్రెక్సేట్ సంగతే తీసుకుంటే, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల కుదురులో పెరిగిన మందు అది. దాని అన్న లాంటి అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టాడు. మెథోట్రెక్సేట్ రక్తంలో దాదాపు సగం ఆల్బుమిన్ మీదే ఆధారపడి తిరుగుతుంది. పొట్టలోనో ఊపిరితిత్తుల చుట్టూనో నీరు చేరిన రోగిలో ఆ నీటిలోకి చేరి, అక్కడి నుంచి నెమ్మదిగా రక్తంలోకి వస్తూ రోజుల తరబడి విషప్రభావం చూపగలదు. అందుకే ఇలాంటి రోగికి ముందు నీరు తీయించడం, తర్వాతే మందు ఇవ్వడం. ‘ప్రోటీన్ తగ్గిందని కీమో ఆపిన్రు’ అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి జాగ్రత్తే.

మరి అంకె పెంచడానికి బాటిల్ ఎక్కిస్తే? ఊళ్లో మొదట అడిగేది ఇదే. ‘బలం బాటిల్’ పేరుతో ఎక్కించే అర లీటరు ఐదు శాతం గ్లూకోజ్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే ఐదు చెంచాలు, ప్రోటీన్ సున్నా. ఆల్బుమిన్ బాటిల్ వేరు. ఇరవై శాతం ద్రావణం వంద మిల్లీలీటర్ల సీసాలో 20 గ్రాముల ఆల్బుమిన్ ఉంటుంది, ఖరీదు వేలల్లో. కాలేయం చెడి పొట్టలోంచి లీటర్ల కొద్దీ నీరు తీసినప్పుడు దాని అవసరం నిజమే. బలానికి మాత్రం అది తిండి కాదు. ఒంట్లోకి పోయిన ఆల్బుమిన్ విరిగి అమైనో ఆమ్లాలుగా మారి కండకు చేరడానికి వారాలు పడుతుంది. జబ్బు చురుగ్గా ఉంటే అంతలోపే నాళాలు దాటి జారిపోతుంది. బ్రిటన్‌లో కాలేయ జబ్బు ముదిరిన ఏడొందలకు పైగా రోగుల మీద చేసి 2021లో ప్రచురించిన అటైర్ పరిశోధనలో, బాటిళ్లతో ఆల్బుమిన్‌ను 3కు చేర్చి నిలబెట్టాలని చూశారు. అంకె పెరిగింది. రోగులకు మేలు జరగలేదు, కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అవి క్యాన్సర్ రోగుల లెక్కలు కావు. అయినా అప్పు చేసి సీసాలు కొనేముందు ఈ ఫలితం తెలిసి ఉండటం మంచిది.

పనిచేసేది తిండి. అదీ ముందుగా మొదలుపెడితే. స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ షూట్జ్ బృందం ఎనిమిది ఆసుపత్రుల్లో 2,088 మంది మీద చేసి 2019లో ప్రచురించిన ఎఫర్ట్ పరిశోధనలో, పోషణ ముప్పు ఉన్న రోగులను ముందే గుర్తించి ఒక్కొక్కరికీ ఎన్ని క్యాలరీలు, ఎంత ప్రోటీన్ కావాలో లెక్కగట్టి పెట్టారు. వారిలో క్యాన్సర్ ఉన్న 506 మందిని విడిగా చూస్తే, మామూలు ఆసుపత్రి భోజనం తిన్నవారిలో నెలలోపు మరణాలు దాదాపు 20 శాతం, లెక్కగట్టి పెట్టినవారిలో 14 శాతం. మొత్తం రోగుల్లో సీఆర్‌పీ 100 దాటినవారికి మాత్రం ఆ తిండి కలిసిరాలేదు. వాపు మంట మీద ఉన్నప్పుడు ఒళ్లు తిండిని వాడుకోలేదు. అందుకే ఇన్‌ఫెక్షన్ అణచడం, గడ్డకు వైద్యం, తిండి మూడూ కలిసి నడవాలి. ఒకటి ముగిశాక మరొకటి అంటే కుదరదు.

ఆకలే లేనివారికి పుదుచ్చేరి జిప్‌మర్ నుంచి మంచి కబురు వచ్చింది. అక్కడి వైద్యులు కడుపు, ఊపిరితిత్తులు, కాలేయం, పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్న 124 మంది మీద, మానసిక జబ్బులకు వాడే ఓలాంజపైన్‌ను రోజుకు రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం బరువు ఐదు శాతం మించి పెరిగినవారు మందు తిన్నవారిలో 60 శాతం, ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో 9 శాతం. చవక మాత్ర, మన దగ్గరి పరిశోధన, అంతర్జాతీయ మార్గదర్శకాల్లో చోటు. అయినా దీని గురించి మందుల షాపులో కాదు, క్యాన్సర్ వైద్యుణ్నే అడగాలి. మగత తెస్తుంది, అందరికీ సరిపడదు. విదేశాల్లో పోన్‌సెగ్రోమాబ్ అనే సూదిమందు మీద 2024లో ఆశాజనకమైన ఫలితాలు వచ్చాయి. అది మన ఊళ్లకు రావడానికి ఇంకా చాలా దూరం.

ఇక కంచం. 2025 ఉగాది రోజున, మార్చి 30న, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రేషన్ కార్డులకు సన్నబియ్యం పథకాన్ని హుజూర్‌నగర్ నుంచే మొదలుపెట్టారు. మనిషికి నెలకు ఆరు కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల తెల్లబియ్యంలో ప్రోటీన్ ఎనిమిది గ్రాముల లోపే. రోజుకు 16 గ్రాములన్నమాట. ఆరోగ్యవంతులకే అదే సంస్థ 2020లో చెప్పిన లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. క్యాన్సర్ రోగులకు యూరప్ పోషణ వైద్యుల సంఘం చెప్పేది కిలోకు ఒక గ్రాము పైన, వీలైతే ఒకటిన్నర. యాభై కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. అన్నం తర్వాత మిగిలింది ఎక్కడ దొరుకుతుందంటే, రెండు ఉడికించిన గుడ్లలో 13, యాభై గ్రాముల కందిపప్పులో 11, పాలూ పెరుగూ కలిపి నాలుగొందల మిల్లీలీటర్లలో 13, గుప్పెడు పల్లీలలో 7. మొత్తం అరవైకి చేరింది. చికెనో చేపో తినగలిగిన రోజు ఇంకా సులువు. ఖరీదైన డబ్బా పొడి లేకుండానే ఈ లెక్క తేలుతుంది. డబ్బా కొనాల్సే వస్తే వెనక చీటీ మీద వంద గ్రాములకు ప్రోటీన్ ఎంతో, చక్కెర ఎంతో చదివి కొనాలి.

అడ్డుపడేది డబ్బు ఒక్కటే కాదు, పథ్యం కూడా. ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పాలు కఫమని చెప్పేవాళ్లు ప్రతి వాడలోనూ ఉంటారు. ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేది గంజి, బ్రెడ్డు, కొబ్బరినీళ్లు. పుండు మానడానికి కావలసిన సరుకునే పుండు పేరు చెప్పి ఆపేయడం ఇది. పప్పుతో చీము పట్టదు. కీమోలో తెల్లకణాలు తగ్గినప్పుడు పచ్చిగుడ్డు, బయటి తిండి వద్దు. బాగా ఉడికిన గుడ్డుకు అడ్డు లేదు. నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవారికి నాలుగో వారానికి నోరంతా పూసి మింగుడు పడదు. అలాంటివారికి ముక్కు పైపు వేద్దామని డాక్టర్ అంటే ఇల్లంతా హడలిపోతుంది, ఇక అయిపోయిందని ఏడుస్తారు. నిజానికి అది వైద్యం పూర్తిచేయించడానికి వేసే పైపు. అందులో పలచని జావ పోస్తే పొట్ట నిండుతుంది గానీ ఒళ్లు నిలవదు. పాలు, గుడ్డు, పప్పుకట్టు, పల్లీపొడి, నూనె కలిపి మెత్తగా రుబ్బి వడగట్టిన ద్రవం పోయాలి. చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా నిండా పెట్టడం మాత్రం ప్రమాదం. ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండె తడబడుతుంది. కొద్దికొద్దిగా, డాక్టర్ కనుసన్నల్లో పెంచాలి.

జబ్బు చివరిదశకు చేరినప్పుడు లెక్కలు మారతాయి. ఆ రోజుల్లో ఆల్బుమిన్ 1.9 ఉందా 2.2 ఉందా అన్నది ఎవరికీ పనికిరాని ప్రశ్న. తినలేని మనిషి నోట్లో బలవంతంగా ముద్దలు కుక్కడం, తినట్లేదని కసురుకోవడం పెట్టేవారికీ తినేవారికీ నరకం. ఆకలి పోవడం ఆ దశలో జబ్బు లక్షణమే, పెట్టేవాళ్ల లోపం కాదు. అడిగినప్పుడు అడిగినంత, నోరు తడిపే చెంచా మజ్జిగ చాలు. పక్షవాతంతో పడుకున్న తల్లికి ఓపిగ్గా చాకిరీ చేసే కుటుంబాలు సైతం ఈ ఒక్క విషయంలో తమను తాము శిక్షించుకుంటాయి. వారికి ఈ మాట ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

ప్రభుత్వం వైపు నుంచి ఒక పోలిక తీయక తప్పదు. క్షయ రోగులకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు తిండి కోసమే నేరుగా ఖాతాలో పడుతున్నాయి. ఝార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ బృందం రోగులకూ వారి ఇళ్లకూ నెలనెలా సరుకులు ఇచ్చి, ఇంట్లోని మిగతావారికి క్షయ సోకడం 39 నుంచి 48 శాతం తగ్గిందని 2023లో చూపించింది. తిండిని మందుల చీటీలో చేర్చవచ్చని అలా దేశానికి రుజువైంది. క్యాన్సర్ రోగికి ఆరోగ్యశ్రీ కార్డు మీద లక్షల రూపాయల కీమో అందుతోంది గానీ, ఆ కీమో తట్టుకోవడానికి కావలసిన రోజుకు రెండు గుడ్లు, పావుకిలో పాలు ఏ పద్దులోనూ లేవు. తెలంగాణ ఆ చిన్న ఖర్చును ఆరోగ్యశ్రీ ప్యాకేజీలోనే కలపాలి. ఏరియా ఆసుపత్రి స్థాయిలో కీమో నుంచి తిరిగొచ్చిన ప్రతి రోగినీ వారానికోసారి తూకం వేసి, పిక్క నొక్కి చూసి, ఏం తింటున్నారో అడిగి రాసే మనిషిని ఒకరిని పెట్టాలి. అప్పటిదాకా ఆ పని ఇంట్లోవాళ్లదే. ప్రతి ఆదివారం పొద్దున్నే, ఒకే తూకం మీద, పరగడుపున చూసిన బరువును తేదీతో సహా నోటు పుస్తకంలో రాసి, తర్వాతిసారి హైదరాబాద్ వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు ఆ పుస్తకం కూడా డాక్టర్ ముందు పెట్టండి.